చిక్కబరచాలా, దట్టించాలా, ఒత్తు చేయాలా? మాటనూ పనినీ కలిపి చెప్పే మార్గదర్శి

పులుసు చిక్కబడాలి. పునాదిలో మట్టి గట్టిపడాలి. మల్లెదండ ఒత్తుగా ఉండాలి. అరిసెల పాకం ముదరాలి. పాతరలో గడ్డి దట్టించాలి. ఈ అయిదు పనుల్లోనూ జరిగేది ఒకటే: ఉన్న చోటులోనే ఎక్కువ సరుకు ఇమడడం. అయినా తెలుగు దీనికి ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. పనికో మాట పెట్టుకుంది. ఏ పనికి ఏ మాటో తెలిస్తే ఆ పని ఎలా చేయాలో కూడా సగం తెలిసినట్టే.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. బడి చదువు ఒడియాలో, వంటిల్లు తెలుగులో. ఒడియాలో 'బహళ' అనే మాట పులుసుకీ పనికొస్తుంది, అట్టకీ పనికొస్తుంది. ఆ అలవాటుతో పిల్లలు 'పులుసు మందంగా ఉంది' అంటారు. దట్టమైన అడవిని ఒడియాలో 'ఘంచ' అంటారు కాబట్టి 'ఘంచ అడవి' అంటారు. అర్థం కాకపోదు. కానీ 'మందం' అట్టకీ గోడకీ రొట్టెకీ చెందిన మాట, కొలబద్దతో కొలిచేది. పులుసుకి చెందింది 'చిక్కన', గరిటెతో చూసేది. రెండూ ఒకటే అనుకుంటే, పులుసు ఎందుకు చిక్కబడలేదో వెతికే దారి కూడా మూసుకుపోతుంది.

మొదట వేసుకోవలసిన ప్రశ్న

ఏ వస్తువునైనా చిక్కగానో దట్టంగానో చేయబోయే ముందు ఒక్కటి అడగండి: ఇందులోంచి ఏది పోవాలి?

నీరు పోవాలంటే ఇగర్చడం, మరిగించడం, చిక్కబరచడం. గాలి పోవాలంటే దట్టించడం, కూరడం, దిమ్మిస (మట్టిని అణిచే బరువైన దిమ్మె) కొట్టడం, గట్టిపరచడం. వస్తువుల మధ్య ఎడం తగ్గాలంటే ఒత్తు చేయడం, దట్టంగా వేయడం. ఇక ఏదీ పోకుండా ఉన్న ద్రవమే రూపం మారితే తోడుకోవడం, పేరుకోవడం, గడ్డకట్టడం. పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, నెత్తురు గడ్డకడుతుంది. 'పెరుగు చిక్కబడింది' అంటే వేరే అర్థం: తోడుకున్న పెరుగులోంచి నీరు ఓడ్చారని. గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే జరిగేది అది.

ఈ మాటలు జంటలుగా ఉంటాయి. ఒకటి దానంతట జరిగేది, ఒకటి మనం చేసేది. చిక్కబడుతుంది, చిక్కబరుస్తాం. గట్టిపడుతుంది, గట్టిపరుస్తాం. ఇగురుతుంది, ఇగరబెడతాం. మరుగుతుంది, మరిగిస్తాం. ముదురుతుంది, ముదరబెడతాం. 'దట్టించు' ఒక్కటే ఒంటిది. దానంతట అది దట్టించుకోదు, ఎవరో ఒకరు బలం పెట్టాలి. 'పొగమంచు దట్టించింది' అని రాస్తే తప్పు, 'దట్టంగా పట్టింది' అనాలి.

ఒక ఉచ్చు ఇక్కడే ఉంది. 'చిక్కబడింది' అంటే పలచదనం పోయింది. 'చిక్కిపోయాడు' అంటే మనిషి సన్నబడ్డాడు. 'చిక్కింది' అంటే దొరికింది, 'చిక్కుపడింది' అంటే ముడిపడింది. 'జ్వరం వచ్చి పిల్లవాడు చిక్కబడ్డాడు' అన్న వాక్యం ఈ ప్రాంతపు రాతల్లో కనబడుతుంది. అక్కడ ఉండవలసింది 'చిక్కిపోయాడు'.

నీరు పోయినప్పుడు: ఇగర్చడం

పాలకోవా దీనికి సరైన పాఠం, ఎందుకంటే అందులో వేరే సరుకేదీ కలపం. ఆవుపాలలో నూటికి సుమారు 87 పాళ్లు నీరే. గేదెపాలలో 82, 83 పాళ్లు. కోవాలో మిగలవలసిన నీరు నూటికి 35 పాళ్ల దగ్గర ఉంటుంది. ఈ లెక్కన లీటరు ఆవుపాలకు సుమారు 200 గ్రాములు, గేదెపాలకు 260 నుంచి 280 గ్రాముల కోవా రావాలి. అంతకంటే బాగా ఎక్కువ వచ్చిందంటే నీరింకా ఉందన్నమాట, రెండో రోజుకే పులుస్తుంది.

1. వెడల్పు మూకుడు తీసుకోండి, లోతు గిన్నె వద్దు. నీరు పోయేది పైముఖం నుంచే. రెండు లీటర్ల పాలకు అడుగుభాగం మందంగా, మూతి అడుగున్నర వెడల్పుగా ఉన్న బాణలి చాలు.

2. మొదట మంట పెద్దదిగా పెట్టి పొంగు రానివ్వండి. పొంగాక కూడా మంట తగ్గించకండి, గరిటె ఆపకండి. ఈ దశలో పాలు ఇంకా పలచనే, అడుగంటే భయం తక్కువ.

3. పాలు మూడో వంతుకు వచ్చేసరికి బుడగల తీరు మారుతుంది. చిన్న నురగ పోయి, పెద్ద బుడగలు 'బుడుక్' మంటూ పగులుతాయి. ఇక్కడ మంట తగ్గించాలి. అంచులకు పట్టిన మీగడను అట్లకాడతో గీకి లోపలికి తోస్తూ ఉండాలి. వదిలేస్తే అది ఎండి, తరువాత గట్టి పలుకులై కోవాలో తగులుతుంది.

4. ముద్ద బాణలిని వదిలి గరిటెతో పాటు తిరుగుతూ, అంచుల్లో నెయ్యి మెరవగానే దించండి. బాణలి వేడికి ఇంకో రెండు నిమిషాలు ఇగురుతూనే ఉంటుంది. పూర్తిగా అయ్యాక దించుదామంటే పొడిపొడిగా మిగులుతుంది.

ఏది తప్పుతుంది? పాలు కాస్త పులిసి ఉంటే మధ్యలో విరిగిపోతాయి. అప్పుడది కోవా కాదు, నీరు విడిచిన విరుగుడు. మాడు వాసన వచ్చిందంటే అడుగు గీకకూడదు. పైపైన ఉన్నది వెంటనే వేరే గిన్నెలోకి వంపేయాలి. గీకితే మాడు అంతా కలుస్తుంది.

నీరు పోకుండానే చిక్కబరచడం

దప్పళం, పులుసు, చోడి (రాగి) అంబలి ఈ తెగకు చెందినవి. వీటిలో నీరు పోదు, బందీ అవుతుంది. పిండిలోని గంజి పదార్థం వేడికి నీటిని పీల్చి ఉబ్బుతుంది. బియ్యప్పిండికి ఇది సుమారు 70 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అందుకే వేడి పులుసులో పొడిపిండి చల్లితే ఉండలు కడుతుంది. ఉండ పైపొర ముందే ఉడికి జిగురుగా మూసుకుంటుంది, లోపలి పిండికి నీరు అందదు. ఎంతసేపు కలిపినా ఆ ఉండ విడదు. విరిచి చూస్తే లోపల తెల్లటి పొడి అలాగే ఉంటుంది.

లీటరు పులుసుకి ఒకటిన్నర పెద్ద చెంచాల బియ్యప్పిండి, అంటే సుమారు 15 గ్రాములు. దాన్ని నాలుగు పెద్ద చెంచాల చన్నీళ్లలో ముందుగా కలపండి. వేణ్నీళ్లు వద్దు. పులుసు మరుగుతుండగా సన్నధారగా పోస్తూ, రెండో చేత్తో గరిటె తిప్పండి. పోశాక మూడు నాలుగు నిమిషాలు మరగాలి, లేకపోతే పచ్చిపిండి వాసన పోదు. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కావలసినదానికంటే కొంచెం పలచగా ఉన్నప్పుడే దించాలి. 'అప్పా, పులుసు చిక్కబడిందా?' అని చెల్లెలు అడిగితే, 'గరిటె వీపు మీద వేలితో గీత గీసి చూడు, గీత నిలబడితే దించేయ్' అనేదే సరైన కొలత.

పిండి కలిపాక చింతపండు పులుసును గంటలకొద్దీ మరిగిస్తే తిరిగి పలచబడుతుంది. పులుపు వేడితో చేరి గంజిని విరగ్గొడుతుంది. కాబట్టి పిండినీళ్లు చివర్లోనే పోయాలి.

చోడి అంబలిలో ఇంకో చిక్కు వస్తుంది. ఒడియావారి మాండియా అంబలికీ ఇదే వర్తిస్తుంది. రాత్రి చిక్కగా కాచి పెట్టిన అంబలి పొద్దుటికి నీళ్లలా పలచబడిందంటే, ఒక కారణం ఎంగిలి. నోట్లో పెట్టుకున్న గరిటెను తిరిగి కుండలో ముంచారు. ఉమ్మిలో గంజిని చక్కెరగా విడగొట్టే పదార్థం ఉంటుంది, అది రాత్రంతా పనిచేస్తుంది. 'ఎంగిలి చేస్తే అంబలి నీళ్లు విడుస్తుంది' అన్నది ఆచారం మాత్రమే కాదు, రుజువున్న మాట.

పాకం దారి వేరు

బెల్లం పాకాన్ని చిక్కబడిందని ఎవరూ అనరు. ముదిరిందంటారు. ఈ తేడా ఊరికే రాలేదు. పులుసు పలచనైతే పిండి వేసి, చిక్కనైతే నీళ్లు పోసి సర్దుకోవచ్చు. పాకం ముదిరితే వయసు మీరినట్టే, కొద్ది క్షణాల్లో చేయి దాటుతుంది. నీరు పోయిన కొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతూ పోతుంది. ఆ వేడిని బట్టే పాకానికి పేర్లు.

తీగపాకం: 104 నుంచి 106 డిగ్రీలు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఒక తీగ సాగుతుంది. మెత్తటి ఉండపాకం: 112 నుంచి 116. చన్నీళ్ల పళ్లెంలో చుక్క వేస్తే కరగకుండా నిలిచి, వేళ్లతో తీస్తే మెత్తటి ఉండ అవుతుంది. అరిసెలకు కావలసింది ఇదే. గట్టి ఉండపాకం: 121 పైన. ఉండను పళ్లెం మీద కొడితే 'టంగు' మంటుంది. ఇది చిమ్మిలికి కాదు, పప్పుచెక్కలకు.

అరిసె నూనెలో విడిపోయిందంటే పాకం లేత. రాయిలా వచ్చిందంటే పాకం ముదురు. పిండి ఇంకా కలపకపోతే ముదిరిన పాకంలో అరగ్లాసు వేణ్నీళ్లు పోసి మళ్లీ వెనక్కి తీసుకురావచ్చు. పిండి కలిపాక దారి లేదు.

గాలి పోయినప్పుడు: దట్టించడం, దిమ్మిస కొట్టడం

'దట్టించు' అంటే బలం పెట్టి, ఖాళీ మిగలకుండా నింపడం. పాత తుపాకుల్లో మందును గజంతో (గొట్టంలోకి తోసే కడ్డీతో) దట్టించేవారు. 'కూరు' దీనికి దగ్గరిదే కానీ మెత్తనిది. వంకాయలో కారం కూరతారు, దిండులో దూది కూరతారు. 'మసాలా దట్టించారు' అంటే మోతాదు మించిందని కూడా అర్థం వస్తుంది. మెచ్చుకోవడమో నొచ్చుకోవడమో చెప్పేవారి గొంతుని బట్టి ఉంటుంది.

ఇంటి పునాది నింపడం దీనికి అసలు పరీక్ష. అడుగు దిగిన గచ్చు, పగిలిన టైల్సు, మూలల్లో గుల్ల చప్పుడు, ఇవన్నీ దిమ్మిస సరిగా కొట్టని ఇంటి గుర్తులు.

1. మట్టి ఎంచుకోండి. ఎర్రమట్టి, గ్రావెల్ మంచివి. తూర్పు కనుమల అంచున ఉన్న ఈ జిల్లాల్లో అవి దొరుకుతాయి. నల్లరేగడి వద్దు. అది తడికి ఉబ్బి, ఎండకి ముడుచుకుని గచ్చును పైకి నెడుతుంది. వేళ్లు, ఆకులు, చెత్త ఏరేయాలి. అవి కుళ్లిన చోట తరువాత ఖాళీ మిగులుతుంది.

2. తడి చూడండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం, అందరూ అశ్రద్ధ చేసేదీ ఇదే. పిడికెడు మట్టి తీసి బిగించి ఉండ చేయండి. నడుము ఎత్తు నుంచి వదలండి. రెండు మూడు పెద్ద ముక్కలైతే తడి సరిపోయింది. పొడిగా రాలిపోతే నీళ్లు చల్లి కొన్ని గంటలు ఆగాలి. పగలకుండా చపాతీలా అణిగితే, లేక అరచేతికి తడి అంటితే, ఆరనివ్వాలి.

3. వదులు మట్టి పొర 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు. అంతకు మించి వేయకండి. దిమ్మిస దెబ్బ లోతుకు దిగదు. రెండడుగుల మట్టి ఒక్కసారే పోసి పైన ఎంత కొట్టినా పైన నాలుగు అంగుళాలే గట్టిపడతాయి, కింద గుల్లే.

4. దిమ్మిస 6 నుంచి 9 కిలోల బరువుండాలి. మోకాలి ఎత్తుకు లేపి నిటారుగా వదలాలి. ఒక దెబ్బ మీద సగం పడేలా రెండో దెబ్బ. ముందు అంచులూ మూలలూ, తరువాత నడిమి. మూలలు ఆఖరుకి వదిలేస్తే అక్కడే గచ్చు దిగుతుంది.

5. చెవి పెట్టండి. మొదట 'దబ్బు దబ్బు'మనే చప్పుడు, మట్టి నిండేకొద్దీ గట్టి చప్పుడుగా మారి దిమ్మిస చేతిలో కాస్త ఎగురుతుంది. అప్పుడు ఆ పొర అయినట్టు. 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను చేత్తో నొక్కితే రెండు అంగుళాలకు మించి దిగకూడదు.

తడి ఎందుకంత ముఖ్యం? పొడి మట్టిలో రేణువులు ఒకదాన్నొకటి గీరుకుని జరగవు. కాస్త తడి ఉంటే జారి సర్దుకుంటాయి. తడి మించితే గాలి ఉన్న చోటంతా నీరు నిండుతుంది. నీటిని కొట్టి కుదించలేం కదా. దెబ్బ వేస్తే పక్కకు ఉబుకుతుంది. మళ్లీ ఆ నీరు ఎండాక ఖాళీ మిగిలి నేల దిగుతుంది.

లెక్క కూడా చూసుకోండి. లీటరు డబ్బాలో వదులు ఎర్రమట్టి సుమారు 1.2 కిలోలు పడుతుంది. బాగా దిమ్మిస చేసిన మట్టి అదే చోటులో 1.7, 1.8 కిలోలు ఉంటుంది. కాబట్టి 100 ఘనపుటడుగుల గుంటకు వదులు మట్టి 140 నుంచి 150 ఘనపుటడుగుల దాకా కావాలి.

ఇసుకకు దిమ్మిస పనికిరాదు. ఇసుకను నీళ్లు నిలబెట్టి కుదించాలి. ఇక్కడో ముఖ్యమైన సంగతి: కొద్దిగా తడిసిన ఇసుక పొంగి, పొడి ఇసుక కంటే నూటికి 25 పాళ్ల దాకా ఎక్కువ చోటు పడుతుంది. వానల్లో ట్రాక్టరు లెక్కన కొన్నవారికి ఇసుక తక్కువ వచ్చేది అందుకే. పూర్తిగా నీళ్లలో ముంచితే పొంగు దిగిపోతుంది, అసలు కొలత తెలుస్తుంది.

కాంక్రీటులోనూ ఇదే సూత్రం. నూటికి 5 పాళ్లు గాలి మిగిలితే బలం సుమారు 30 పాళ్లు పడిపోతుంది. వైబ్రేటర్ సూదిని నిటారుగా దించి, 10 నుంచి 15 సెకన్లు ఉంచి, మెల్లగా లాగాలి. బుడగలు ఆగి పైన సిమెంటు పాలు తేరగానే తీసేయాలి. ఇంకా ఉంచితే కంకర కిందికి, పాలు పైకి విడిపోతాయి. పని తేలికవుతుందని నీళ్లు ఎక్కువ పోయించే మేస్త్రిని ఆపాలి. ఆ నీరు ఆరిపోయాక అది ఉన్న చోట గాలే కూర్చుంటుంది.

పాతర గడ్డిలో గాలి పోకపోతే

సైలేజీ అనేది ఈ పాతర గడ్డినే. మొక్కజొన్న గింజ పాలు గట్టిపడే దశలో కోసి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేయాలి. తడి 65 నుంచి 70 శాతం ఉండాలి. ముక్కలను పిడికిట్లో బిగించి వదిలితే ఉండ మెల్లగా విచ్చుకోవాలి. చేతికి రసం కారితే ఒక పూట ఆరబెట్టాలి. అరడుగు పొరలుగా వేసి, ప్రతి పొరనూ తొక్కి దట్టించాలి. బాగా దట్టిస్తే ఘనపు మీటరు చోటులో సుమారు 500 నుంచి 600 కిలోలు పడుతుంది. అంతకు చాలా తక్కువ పట్టిందంటే గాలి ఉంది. గాలి ఉంటే బూజు. గాలి లేకపోతే పులిసి నిలవ ఉంటుంది. పైన పాలిథీన్ కప్పి, దాని మీద మట్టి వేసి 45 రోజులు ఆగాలి. తెరిచాక రోజూ ఒక పక్క నుంచే నిలువుగా తీసి, వెంటనే కప్పేయాలి. తెల్లబూజు పట్టినది పశువుకు పెట్టకూడదు.

ఎడం తగ్గినప్పుడు: ఒత్తు, దట్టం

జుట్టు ఒత్తుగా ఉంటుంది. అడవి దట్టంగా ఉంటుంది. పొద గుబురుగా ఉంటుంది. మూడూ లెక్కకు ఎక్కువ ఉండటమే కానీ చూసే తీరు వేరు. ఒత్తులో ఒకదానికొకటి తగిలి ఉండాలి. దట్టంలో చూపు లోపలికి పోకూడదు. గుబురు అంటే గుండ్రంగా పెరిగి నిండినది.

బరంపురం పట్టు నేతలో ఒత్తు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఈ మాట బాగా తెలుస్తుంది. పడుగు (నిలువు పోగుల) ఒత్తు ముందే నిర్ణయమైపోతుంది, అచ్చులో (పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో) అంగుళానికి ఎన్ని పోగులు ఎక్కించారో అంతే. పేక (అడ్డపోగుల) ఒత్తు మాత్రం నేసేవారి చేతిలో ఉంది. ప్రతి పోగు తరువాత అచ్చును దగ్గరకు లాగి కొట్టే దెబ్బ ఒకే బలంతో పడాలి. పొద్దున ఒక బలం, సాయంత్రం ఒక బలం అయితే చీరను వెలుతురుకు ఎత్తి చూడగానే పలచటి పట్టీలు అడ్డంగా కనబడతాయి. కొనేవారు చేయవలసిన పరీక్ష కూడా అదే.

వరినాటులో ఒత్తుకు హద్దుంది. 20 సెంటీమీటర్ల వరుసలో 15 సెంటీమీటర్లకు ఒక కుదురు నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు. నాటు ఆలస్యమై పిలకలు తక్కువ వస్తాయనుకుంటే 15కి 15 పెట్టి 44 కుదుళ్లు చేయాలి. ఇంకా దట్టంగా వేస్తే దిగుబడి పెరుగుతుందనుకోవడం పొరపాటు. దుబ్బుల అడుగున గాలి ఆడక, తడి ఆరక పాముపొడ తెగులూ సుడిదోమా అక్కడే కాపురం పెడతాయి. ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. తూర్పు పడమరలుగా ఉంటే గాలీ వెలుతురూ దుబ్బుల అడుగుకి చేరతాయి, మందు కొట్టడానికి మనిషి నడవడమూ కుదురుతుంది.

పుస్తకపు మాటలు, వాటిలో తడబాట్లు

సాంద్రత, గాఢత, స్నిగ్ధత అనే మూడింటినీ కలిపేస్తే పరీక్షలోనే కాదు, బజారులోనూ నష్టం.

సాంద్రత అంటే బరువును అది పట్టిన చోటుతో భాగిస్తే వచ్చేది. గాఢత అంటే ద్రావణంలో కరిగిన సరుకు ఎంతో చెప్పేది. స్నిగ్ధత అంటే పారకుండా నిలబడే గుణం, వంటింట్లో చిక్కదనం అనేది దీన్నే. ఆముదం నీటికంటే ఎంతో చిక్కన, కానీ సాంద్రత 0.96, నీటి మీద తేలుతుంది. తేనె కూడా చిక్కనే, సాంద్రత 1.4 దగ్గర, మునుగుతుంది. కాబట్టి చిక్కనైనదల్లా బరువైనది కాదు.

పాల దగ్గర ఇది తప్పక తెలియాలి. ఆవుపాల సాంద్రత 1.028 నుంచి 1.032. వెన్న నీటికంటే తేలిక కాబట్టి, మీగడ తీసేస్తే మిగిలిన పాల సాంద్రత 1.035 దాకా పెరుగుతుంది. మీగడ తీసి ఆపై నీళ్లు కలిపితే లాక్టోమీటరు మళ్లీ మంచి పాల అంకెనే చూపిస్తుంది. లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మకూడదు, వెన్నశాతం పరీక్ష కూడా అడగాలి.

ఆవిరి నీరు కావడం సాంద్రీకరణం. నీరు మంచు కావడం ఘనీభవనం. చన్నీళ్ల గ్లాసు బయట పట్టిన చెమ్మను ఘనీభవనమని రాసే పిల్లలు చాలామంది. చెమ్మ ఇంకా నీరే కదా, గడ్డకట్టలేదు. ఈ ఒక్క ప్రశ్నతో తేడా గుర్తుంటుంది.

రాతను కుదించడం, రాతను చిక్కబరచడం

కుదించడమంటే నిడివి తగ్గించడం. చిక్కబరచడమంటే అదే నిడివిలో ఎక్కువ విషయం పట్టించడం. వార్తను కుదిస్తాం, కవితను చిక్కబరుస్తాం. సారాంశం రాసేటప్పుడు కావలసింది మొదటిది.

ఊళ్లో అంటించే ప్రకటన ఒకటి ఇలా ఉందనుకోండి: 'ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, రేపటి రోజున ఉదయం సమయమందు 8 గంటల నుండి మధ్యాహ్నం వరకు మంచినీటి సరఫరా అనేది నిలుపుదల చేయబడును.' ఇందులో పోవలసినవి ఏమిటి? 'తెలియజేయునది ఏమనగా' గాలి. ప్రకటన ఉన్నదే తెలియజేయడానికి. 'రేపటి రోజున'లో 'రోజున', 'ఉదయం సమయమందు'లో 'సమయమందు', 'సరఫరా అనేది'లో 'అనేది' నీరు. 'చేయబడును' అనేది తెలుగు నోట పలకని కర్మణి. మధ్యాహ్నం ఎన్నింటిదాకానో మాత్రం చెప్పలేదు, అక్కడ సరుకే తక్కువ. తీసేసి, లోటు పూడిస్తే: 'రేపు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా నీళ్లు రావు.' దశాబ్దాలు పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, మాట్లాడే తెలుగే రాతకూ తగినదని వాదించిన గిడుగు రామమూర్తి మెచ్చుకునే వాక్యం ఇలాంటిదే అయి ఉంటుంది.

కుదించేటప్పుడు అంకెలు, పేర్లు, తేదీలు, షరతులు తీయకండి. విశేషణాలు, జంటపదాలు, మళ్లీ చెప్పినవి తీయండి. అయ్యాక గట్టిగా చదవండి. ఊపిరి ఆడకుండా ఉంటే మితిమీరి దట్టించారన్నమాట, ఒక వాక్యాన్ని రెండు చేయండి.

మించిపోయినప్పుడు వెనక్కి ఎలా తేవాలి

చిక్కనకు ఎదురు పలచన, గట్టికి గుల్ల లేక వదులు, ఒత్తుకు ఎడం, గాఢానికి విలీనం. దిద్దుబాటు కూడా ఆ జంటను బట్టే. మితిమీరి చిక్కబడిన పులుసులో చన్నీళ్లు పోస్తే రుచి చప్పబడి, మళ్లీ మరిగేదాకా పచ్చివాసన వస్తుంది. మరిగే నీళ్లే, గరిటెడు చొప్పున పోసి, ఉప్పు సరిచూడాలి. ఒత్తైన నారును పీకి ఎడం చేయాలంటే నాటిన పది రోజుల్లోపే, వేళ్లు అల్లుకోకముందే. తొక్కి గట్టిపడిన పెరటి నేలను తడి మీద దున్నకూడదు, గడ్డలు కడుతుంది. సగం ఆరాక గడ్డపారతో పెళ్లగించి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. బడి ప్రయోగశాలలో గాఢ ఆమ్లాన్ని పలచబరిచేటప్పుడు ఆమ్లాన్నే నీటిలోకి, కొంచెం కొంచెంగా, కలుపుతూ పోయాలి. నీటిని ఆమ్లంలోకి పోస్తే ఒక్కసారిగా వేడి పుట్టి చిమ్ముతుంది, ముందు పోయేవి కళ్లే.